రూపాయి మునిగేంత

పేరేచర్ల మలుపులో ఆ గురువారం
బండి నా మాట వినలేదు.

ఎవరో నూర్చిన గడ్డి రోడ్డు మీదే వదిలేశారు,
రాత్రంతా మంచు తాగి అది మెత్తబడింది.
బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి.
బండి ఆగలేదు.
జారుతూ జారుతూ పోయి
కాలవకి జానెడు దూరంలో నిలబడింది.

ఎవరికీ ఏం కాలేదు.
ఒక సద్ది క్యారేజీ దొర్లిపోయింది,
పచ్చడి మెతుకులు తారు మీద.
వెనక ఎవరో ప్రార్థన మొదలెట్టి
మధ్యలో మర్చిపోయారు.

సలోమి దిగింది. నన్ను తిట్టలేదు.
వెనక టైరు మీద అరచెయ్యి పెట్టి నిమిరింది.
మిరప రాశిలో తాలుకాయని
చూడకుండానే పట్టే చెయ్యి అది.
"ఏసోబూ, మా మావ గుండు నయం రా దీనికన్నా" అంది.
ముందు ఎవరూ నవ్వలేదు.
తర్వాత అందరూ ఒక్కసారే నవ్వారు,
ఎంతకీ ఆపలేదు, నాకు భయమేసింది.



చుట్టుగుంటలో బాజీ కొట్టు.
"చలికాలం టైర్లు కావాలి భాయ్" అన్నాను,
ఫోన్లో ఎక్కడో విన్న మాట.
తొట్లో ట్యూబు ముంచుతున్నవాడు తలెత్తలేదు.
"అవి నీళ్ళు గడ్డకట్టే దేశాల్లో.
మన చలి రోడ్డు మీద లేదు,
రోడ్డు కనపడకపోవడంలో ఉంది.
తడిని పక్కకి నెట్టే గాడి చూసుకో, చాలు."

మూలన నిగనిగలాడే జత చూపించాను.
రీసోల్. సగం ధర.
"ముసలాడు మీసానికి రంగేసినట్టు అవి.
ఇటుకల బండికైతే ఇస్తా."

ఇంకోటి లాగాను, కొత్తదే,
రబ్బరు నూగు కూడా రాలలేదు.
దాని డొక్క మీద నాలుగంకెలు చదవమన్నాడు.
ముందు రెండూ పుట్టిన వారం, వెనక రెండూ పుట్టిన ఏడు.
"పెళ్ళికి జాతకం చూస్తారు, చక్రానికి చూడరు.
ఇది ఆరేళ్ళు ఇక్కడే కూర్చుంది. అరగలేదు, ఎండింది.
పని లేకపోతే మనమూ పగుల్తాం."

చివరికి పైనుంచి మూడు దించాడు.
గల్లాపెట్టెలో రూపాయి తీసి
గాడిలో నిలబెట్టి చూపించాడు.
అప్పుడడిగాడు, "ఎంతమందిని ఎక్కిస్తావ్?"
"ఏడుగురు."
రెంచి కింద పెట్టాడు.
"నాతో చెప్పు అబద్ధం. పోలీసుతో చెప్పు.
టైరుతో చెప్పకు."
"పన్నెండు... సీజన్లో పద్నాలుగు."
ఇంకేం అన్లేదు ఆయన.
తొట్లో మర్చిపోయిన ట్యూబు
ఒక్కొక్క బుడగే వదుల్తోంది,
లెక్కపెడుతున్నట్టు.



ఇప్పుడు రెండు ట్రిప్పులు.
డీజిలు రెట్టింపు, నా నిద్ర సగం.
మనిషికి పది పెంచితే మూడ్రోజులు మాట్లాడలేదు నాతో,
నాలుగో రోజు సలోమి ఎనిమిదికి తెంచింది.
రెండో ట్రిప్పు వాళ్ళకి యార్డులో నీడపట్టు దొరకదు,
అందుకని వారాలు వంతులేసుకున్నారు.
వంతు తప్పితే తిట్లు మాత్రం నాకే.

పుష్యమాసం. తెల్లారి ఐదు.
మేడికొండూరు సెంటర్లో పొగమంచు
పత్తి బోరేలు విప్పి కుమ్మరించినట్టుంది.
మనుషులు ముందు దగ్గుగా వస్తారు,
తర్వాత దుప్పటిగా,
బాగా దగ్గరికొచ్చాక పేరుగా.

సలోమి ముందే ఎక్కదు.
సెల్లు లైటేసి గొంతుక్కూర్చుని
చెంగు ముడి విప్పి రూపాయి తీస్తుంది.
ముందు చక్రం. వెనక రెండూ.
కారం దిగిన గోళ్ళతో నొక్కి చూస్తుంది.

"మునిగిందా?" అంటాను.
వినపడనట్టు ఇంకోసారి నొక్కుతుంది.
తర్వాత రూపాయి ముడేసుకుని లేచి
"ఏడుగురే" అంటుంది,
నాతోనో, మంచుతోనో,
ఎనిమిదో మనిషిగా కాలు పెట్టబోయిన
సొంత చెల్లెలితోనో.